స్టైరీను ఆవిరి: ప్రయోగశాల జంతువులు తెలిపిన సంగతులు, ఫైబరు పడవల వారికి సూచనలు

అన్నము చెడినదని తోచినచో దానిని పారవేయవచ్చును. నీరు పాడైనదని తెలిసినచో వేరొక బావికి పోవచ్చును. కాని ఊపిరిని కొన్ని నిమిషములైనను ఆపుకొనుట సామాన్యులకు సాధ్యము గాదు. పెరిగిన మనుష్యుడు విశ్రాంతిగా నున్నపుడు సైతము దినమునకు సుమారు పదివేల లీటర్లకు పైగా గాలిని పీల్చుచుండును. కష్టించి పనిచేయువాడు ఇంకను ఎక్కువ పీల్చును. అందువలన గాలిలో కలిసిన రసాయనము ఇతర విషములకంటె త్వరగాను, మనకు తెలియకుండగను శరీరమున ప్రవేశింపగలదు.

అట్టి రసాయనములలో స్టైరీను ఒకటి. 2020 వ సంవత్సరమున విశాఖపట్టణము చెంత జరిగిన ప్రమాదమువలన ఈ పేరు తెలుగువారందరికిని తెలిసినది. అయితే ఇది పెద్ద కర్మాగారములలో మాత్రమే యుండు పదార్థము గాదు. సముద్రతీరమున ఫైబరు పడవను కట్టువారి చేతులలోను, మరమ్మతు చేయువారి పెరటిలోను దినదినము మెలగుచున్నది. దీని ఆవిరి శరీరమునకు చేయు హాని యెట్టిది, ఆ సంగతి శాస్త్రజ్ఞులకు ఎట్లు తెలిసినది, మనము తీసికొనవలసిన జాగ్రత్తలెవ్వి అను మూడు విషయములను ప్రజలకు తెలుపుటయే ఈ చిన్న పుస్తకము ఉద్దేశము.

స్టైరీను అననేమి?

స్టైరీను రంగులేని ద్రవము. కొంచెము తియ్యని వాసన గలది. 1839 లో ఎడ్వర్డ్ సైమన్ అను జర్మను ఔషధ వ్యాపారి ఒక చెట్టుబంక నుండి దీనిని వేరుపరచెను. నేడు దీనిని పెట్రోలియము నుండి లభించు పదార్థములతో తయారుచేయుచున్నారు. దీని అణువులు ఒకదానితో నొకటి గొలుసువలె కూడుకొని గట్టిపడినచో పాలిస్టైరీను అను ప్లాస్టికు ఏర్పడును. తెల్లని తేలిక పెట్టెలు, చేపలను మంచుతో కూర్చి పంపు థర్మాకోలు పెట్టెలు ఈ పదార్థముతో చేసినవే. గట్టిపడిన పిమ్మట ఆ పెట్టెనుండి వెలువడు స్టైరీను అత్యల్పము. కనుక ఇచ్చట మనము చర్చింపవలసినది గట్టిపడక పూర్వపు ద్రవమును, దాని ఆవిరిని గూర్చి మాత్రమే.

ఈ ద్రవమునకు గల మూడు గుణములను గుర్తుంచుకొనవలెను. మొదటిది, ఇది సాధారణమైన ఎండవేడికే ఆవిరియగుచుండును. రెండవది, ఆ ఆవిరి గాలికంటె సుమారు మూడున్నర రెట్లు బరువైనది. కనుక పల్లములలోను, గుంటలలోను, పడవ అడుగుభాగమునను నిలిచియుండును. మూడవది, 31 డిగ్రీల సెంటిగ్రేడు వేడి వద్దనే దీని ఆవిరికి నిప్పు తగిలినచో అంటుకొనును. మన తీరములందు మధ్యాహ్నపు వేడి అంతకు చేరుట సామాన్యము.

విశాఖపట్టణమున జరిగినదేమి?

2020 మే 7 వ తేది తెల్లవారుజామున సుమారు 3 గంటల వేళ, విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురమునందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారములో స్టైరీను నిలువచేసిన తొట్టినుండి ఆవిరి వెలువడెను. దేశమంతటను కరోనా కారణముగా రాకపోకలు నిలిపివేయబడిన దినములవి. కర్మాగారము కొన్ని వారములుగా పనిచేయుట లేదు. తొట్టిలోని ద్రవము మాత్రము అట్లే నిలిచియున్నది.

స్టైరీను ఊరక నిలువయున్నను తనంతట తాను గట్టిపడుటకు ప్రయత్నించుచుండును. అట్లు గట్టిపడునపుడు వేడి పుట్టును. ఆ వేడిమి గట్టిపడుటను ఇంకను త్వరపరచును. దీనిని అరికట్టుటకు రెండు ఉపాయములు గలవు. తొట్టిని నిరంతరము చల్లగా నుంచుట ఒకటి, టి.బి.సి. అను నిరోధక పదార్థమును తగు పాళ్ళలో కలుపుచుండుట రెండవది. తొట్టిలో చల్లదనము చాలలేదనియు, నిరోధకము తగ్గిపోయినదనియు, ప్రమాద సమయమున హెచ్చరిక సైరను మ్రోగింపబడలేదనియు రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము 2020 జూలైలో తన నివేదికయందు తెలిపెను.

గాఢనిద్రలో నున్న జనులు కన్నులమంటతోను, ఊపిరాడకను మేల్కొని వీధులలోనికి పరుగిడిరి. పలువురు దారిలోనే స్పృహతప్పి పడిపోయిరి. పన్నెండుగురు మరణించిరి. వందలకొలది జనులు కింగ్ జార్జి ఆసుపత్రిలోను, ఇతర ఆసుపత్రులలోను చికిత్స పొందిరి. పశువులును చనిపోయినవి. బరువైన ఆవిరి, గాలి కదలని రాత్రివేళ, నేలకు దగ్గరగా పండుకొనియున్న జనులు, వినబడని హెచ్చరిక - ఈ నాలుగును కూడుటచే నష్టము అంత తీవ్రమైనది.

జంగ్లీఘాట్ వారికి దీనితో సంబంధమేమి?

అండమాను దీవులలో నేడు శ్రీ విజయపురమని పిలువబడుచున్న పూర్వపు పోర్టుబ్లేయరు నగరమున జంగ్లీఘాట్ చేపల రేవు గలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చి స్థిరపడిన తెలుగు మత్స్యకారుల కుటుంబములు అచ్చట పెక్కు గలవు. వారి బంధువర్గము నేటికిని ఆ తీరముననే యున్నది. ఓడలు విశాఖపట్టణమునకును దీవులకును నడుచుచునే యున్నవి. కనుక వెంకటాపురపు వార్త వారికి పరాయి వార్త గాదు.

ఇంతకంటె దగ్గరి సంబంధము మరియొకటి గలదు. పూర్వపు చెక్క నావలకు బదులుగా నేడు తీరమంతటను ఫైబరు పడవలు వాడుకలోనికి వచ్చినవి. గాజునారతో చేసిన మ్యాటును పరచి, దానిమీద పాలియెస్టరు రెజినును కుంచెతో పూసి, పొరమీద పొరగా వీనిని కట్టుదురు. ఆ రెజినులో నూటికి 30 మొదలు 45 పాళ్ళవరకు స్టైరీను ఉండును. రెజినును పూయునపుడు వచ్చు ఘాటైన తియ్యని వాసన దానిదే. పూసిన రెజిను గట్టిపడులోపల స్టైరీనులో కొంతభాగము ఆవిరియై గాలిలో కలిసిపోవును.

ఎండలో, సముద్రపు గాలి వీచు ఒడ్డున పనిచేయునపుడు ఈ ఆవిరి చెదరిపోవును. కాని దీవులలో సంవత్సరమున చాలనెలలు వర్షములు కురియును. అప్పుడు టార్పాలిను క్రిందను, నాలుగువైపుల మూసిన పాకలోను, ఒక్కొక్కసారి ఇంటి వసారాలోను పని సాగును. ఆంధ్రతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు చేపలవేట నిషేధింపబడు కాలములో పడవల మరమ్మతులు ముమ్మరముగా జరుగును. మూసిన పాకలలో రెజిను పూయువారు పీల్చు గాలిలో స్టైరీను పాళ్ళు కర్మాగార నిబంధనలు అనుమతించు పరిమితిని మించియుండుట పలు దేశములలో కొలచి చూడబడినది. ఇది వెంకటాపురమువలె ఒక్క రాత్రిలో వచ్చు ఆపద గాదు. కొద్దికొద్దిగా సంవత్సరముల తరబడి వచ్చునది. రెండింటిని గూర్చియు ప్రయోగశాలలు చెప్పిన సంగతులు వేరువేరు గనుక, వానిని విడివిడిగా తెలిసికొనవలెను.

ఊపిరిద్వారా విషపరీక్ష ఎట్లు జరుపుదురు?

మనుష్యులకు విషమునిచ్చి పరీక్షించుట తగదు. అందుచేత ఎలుకలు, చిట్టెలుకలు, గినీపందులు, కుందేళ్ళు మొదలగు జంతువులపై పరీక్షలు జరుపుచు వచ్చిరి. గాజుతోగాని, ఉక్కుతోగాని చేసిన గదిలో జంతువులనుంచి, తెలిసిన పాళ్ళలో ఆవిరిని కలిపిన గాలిని లోనికి పంపుదురు. కొన్ని పరీక్షలలో జంతువు ముక్కు మాత్రమే ఆ గాలికి తగులునట్లు గొట్టములలో నుంచుదురు. ఇందువలన బొచ్చుకు అంటిన రసాయనమును నాకుటచే కడుపులోనికి పోవు భాగమును తప్పింపవచ్చును. గాలిలోని పాళ్ళను పరికరములతో మాటిమాటికి కొలుతురు.

ఈ కొలతను పది లక్షల పాళ్ళ గాలిలో ఇన్ని పాళ్ళు ఆవిరి అని చెప్పుదురు. ఈ పుస్తకములో ఇకమీదట “పాళ్ళు” అనిన అదియే యర్థము. 

పరీక్షలు రెండు విధములు. స్వల్పకాల పరీక్షలో జంతువులను సాధారణముగా 4 గంటలు ఆవిరిలో నుంచి, పిమ్మట 14 దినములు గమనింతురు. ఆవిరి ఆగిన వెంటనే బాగుగా కనబడిన జంతువు మూడవనాడో, నాలుగవనాడో ఊపిరితిత్తులు చెడి మరణించుట గలదు గనుకనే ఇంతకాలము వేచియుందురు. దీర్ఘకాల పరీక్షలో దినమునకు 6 గంటలు, వారమునకు 5 దినములు, రెండేండ్లపాటు ఆవిరికి గురిచేయుదురు. ఎలుకకు రెండేండ్లు దాదాపు పూర్ణాయుష్షు. ఆ పిమ్మట ప్రతి అవయవమును సూక్ష్మదర్శినితో పరిశీలింతురు. ఆవిరి తగులని వేరొక గుంపును పక్కన నుంచి, దానితో పోల్చి చూచినగాని ఏ నిర్ణయమును చేయరు.

జంతువుల బాధను తగ్గింపవలెనను భావము ఈ శాస్త్రముతో కూడ పెరిగినది. 1959 లో రస్సెల్, బర్చ్ అను ఇరువురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు మూడు నియమములను ప్రతిపాదించిరి: సాధ్యమైనచో జంతువునకు బదులు వేరొక మార్గమును వాడుట, వాడవలసి వచ్చినచో తక్కువ జంతువులను వాడుట, వాడిన వానికి బాధను తగ్గించుట. మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద ఇట్టి ప్రయోగములను పర్యవేక్షించుటకు ప్రత్యేక సంఘము ఏర్పడినది.

స్వల్పకాలమున ఎక్కువ ఆవిరి పీల్చినచో

స్టైరీనుపై విపులమైన తొలి పరీక్షల ఫలితములు 1942 లో అమెరికాలో ప్రకటింపబడినవి. ఎలుకలను, గినీపందులను సుమారు 10,000 పాళ్ళ ఆవిరిలో నుంచగా అవి త్వరలోనే స్పృహతప్పి, అరగంట మొదలు ఒక గంటలోపల మరణించినవి. సుమారు 2,500 పాళ్ళలో ఎనిమిది గంటలుండుటయు ప్రాణాపాయకరమేయని తేలినది. అంతకంటె తక్కువ పాళ్ళలో మొదట కన్నులును, ముక్కును మండుట, నీరుకారుట కనబడినవి. తరువాతి పరీక్షలలో ఎలుకలను 4 గంటలు ఆవిరిలో నుంచినపుడు సగము చనిపోవు పరిమాణము సుమారు 2,800 పాళ్ళని లెక్కించిరి.

ఈ పరీక్షలవలన రెండు మరణమార్గములు బయల్పడినవి. ఆవిరి మిక్కిలి ఎక్కువైనపుడు అది మత్తుమందువలె మెదడుపై పనిచేయును. జంతువు తూలి, పడిపోయి, ఊపిరి ఆగి చనిపోవును. అంతకు కొంచెము తక్కువైనపుడు వెంటనే చావక, ఊపిరితిత్తులు వాచి, నీరుచేరి, కొన్ని గంటలకో, దినములకో చనిపోవచ్చును. వెంకటాపురపు వీధులలో జనులు నడుచుచునే కూలిపోవుట మొదటి మార్గమునకు పోలినది. ఇంటికి తిరిగివచ్చిన వారిని సైతము వైద్యులు కొంతకాలము కనిపెట్టియుండవలెననుటకు కారణము రెండవది.

ఇట్టి పరీక్షలనుండియు, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన మనుష్యుల అనుభవమునుండియు అమెరికా దేశమున అత్యవసర పరిమితులను నిర్ణయించిరి. ఒక గంటసేపు పీల్చుటకు 20 పాళ్ళు దాటినచో చికాకు కలుగవచ్చును. 130 పాళ్ళు దాటినచో తప్పించుకొని పోవు శక్తి తగ్గుటకుగాని, నిలిచిపోవు హాని కలుగుటకుగాని అవకాశము గలదు. 1,100 పాళ్ళు దాటినచో ప్రాణాపాయము. నాలుగు గంటలు పీల్చినచో ప్రాణాపాయపు పరిమితి 340 పాళ్ళకు దిగును. ఎలుకలు 2,800 పాళ్ళవద్ద సగము చనిపోగా, మనుష్యులకు అంత తక్కువ పరిమితి ఏల? ఎలుకకును మనుష్యునకును భేదముండవచ్చును. మనుష్యులలో పసిబిడ్డ, వృద్ధుడు, ఉబ్బసరోగి ఒక్కరీతివారు గారు. సగము మరణించు మేర గాక, ఒక్కరును మరణింపని మేర కావలెను. ఈ కారణములచే జంతువుల లెక్కను తగినంతగా భాగించి మనుష్యుల పరిమితిని నిర్ణయింతురు.

దీర్ఘకాలము పీల్చినచో: ఎలుకకును చిట్టెలుకకును భేదము

స్టైరీను కథలో మిక్కిలి ఆలోచింపదగిన భాగమిది. 1998 లో ప్రకటింపబడిన పరీక్షలో ఎలుకలను 50 మొదలు 1,000 పాళ్ళవరకు గల ఆవిరిలో రెండేండ్లు నుంచిరి. వాసనను గ్రహించు ముక్కులోని పొర చెడినది. కాని కాన్సరు గడ్డలు ఎక్కువ కాలేదు. 2001 లో ప్రకటింపబడిన పరీక్షలో చిట్టెలుకలను 20 మొదలు 160 పాళ్ళవరకు మాత్రమే గల ఆవిరిలో సుమారు రెండేండ్లు నుంచిరి. వీనికి ఊపిరితిత్తులలో గడ్డలు ఎక్కువైనవి. ఎక్కువ పీల్చిన పెద్ద ఎలుక తప్పించుకొనగా, తక్కువ పీల్చిన చిట్టెలుక ఏల చిక్కినది?

స్టైరీను శరీరమున ప్రవేశించిన పిమ్మట అట్లే యుండదు. కాలేయములోను, ఊపిరితిత్తులలోను గల కొన్ని ఎంజైములు దానిని స్టైరీను ఆక్సైడు అను వేరొక పదార్థముగా మార్చును. స్టైరీనుకంటె ఇదియే తీవ్రమైనది. జీవకణములోని జన్యుపదార్థమునకు అంటుకొనగలదు. వేరొక ఎంజైము దీనిని నిరపాయమైన పదార్థములుగా విడగొట్టి మూత్రములో పంపివేయును. ఇట్లు విషమును పుట్టించు పనివాడును, విషమును విరుచు పనివాడును ఒకే ఇంటనున్నారు. ఎవరి పని ముందు జరుగుననుదానిమీద హాని ఆధారపడియున్నది.

చిట్టెలుక ఊపిరితిత్తుల సన్ననాళములలో ఒకరకపు కణములు ఎక్కువ. వానిలో స్టైరీనును మార్చు ప్రత్యేకమైన ఎంజైము బలముగా పనిచేయును. అదిగాక శరీరపు బరువుతో పోల్చినచో చిట్టెలుక పీల్చు గాలియు అధికము. ఆ ఎంజైము లేకుండ పెంచిన చిట్టెలుకలపై పరీక్షింపగా వాని ఊపిరితిత్తులలో అట్టి హాని కనబడలేదు. మనుష్యుల ఊపిరితిత్తులలో అట్టి కణములు తక్కువ. అట్టి ఎంజైము పని మిక్కిలి స్వల్పము. దీనినిబట్టి చిట్టెలుకకు వచ్చిన గడ్డలు మనకు రావని కొందరు శాస్త్రజ్ఞులు వాదించిరి.

అయినను విషయము అచ్చటితో ముగియలేదు. పడవలు మొదలగు ఫైబరు వస్తువులను తయారుచేయు కార్మికులను పెక్కేండ్లు గమనింపగా రక్తసంబంధమైన కొన్ని కాన్సరులను గూర్చి అనుమానము కలిగినది. కార్మికుల శరీరమునందును స్టైరీను ఆక్సైడు ఏర్పడుచున్నదనుట నిశ్చయము. జంతువులలో సాక్ష్యము చాలినంత కలదనియు, మనుష్యులలో పరిమితముగా కలదనియు నిర్ణయించి, ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధనాసంస్థ 2018 లో స్టైరీనును “మనుష్యులకు బహుశః కాన్సరు కలిగించునది” అను వర్గమున చేర్చెను. అంతకు పూర్వము అది “కలిగింపవచ్చునేమో” అను క్రింది వర్గమున నుండెను. “బహుశః” అను మాటకు అర్థమును సరిగా గ్రహింపవలెను. పీల్చిన ప్రతివానికి వచ్చునని దాని యర్థము గాదు. నిర్లక్ష్యము చేయుటకు వీలు లేదని యర్థము.

చెవిని గూర్చిన సంగతి

స్టైరీను ఊపిరిద్వారా ప్రవేశించి చెవిని చెరచునని చాలమందికి తెలియదు. ఎలుకలపై జరిగిన పరీక్షలలో, లోపలి చెవియందు ధ్వనిని గ్రహించు సన్నని రోమకణములు నశించుట కనబడినది. ఒకసారి నశించిన ఆ కణములు తిరిగి మొలవవు. ఆవిరితో కూడ పెద్ద చప్పుడును వినిపింపగా, హాని రెండింటి మొత్తమును మించినది. గినీపందులకు మాత్రము అట్టి హాని కలుగలేదు; వాని రక్తములో స్టైరీను పాళ్ళు తక్కువగా నుండుటయే కారణమని కనుగొనిరి. 

ఈ భేదమును చూచి మనుష్యుడు ఎలుకవంటివాడా, గినీపందివంటివాడా అను ప్రశ్న పుట్టుట సహజము. ఫైబరు పనివారిని పరీక్షింపగా వినికిడి తగ్గుటయు, రంగులను వేరుపరచు చూపు మందగించుటయు, పనిలో చురుకుదనము తగ్గుటయు పలుచోట్ల కనబడినవి. కనుక ఈ విషయమున మనుష్యుడు ఎలుకవైపుననే యున్నాడని భావించుట క్షేమము. గ్రైండరుతో ఫైబరును రుద్దుచు, ఆ చప్పుడులోనే రెజినును పూయు పనివాడు రెండు అపాయములను ఒక్కసారి తలకెత్తుకొనుచున్నాడు. సముద్రముమీద తోటివాని కేకను, రాబోవు ఓడ బూరను వినవలసిన మత్స్యకారునకు చెవి ప్రాణముతో సమానము.

వాసనను నమ్మవచ్చునా?

“వాసన వచ్చినపుడు లేచిపోయెదను” అని చాలమంది అనుకొందురు. స్టైరీను వాసన ఒక్క పాలుకంటె తక్కువ ఉన్నపుడే తెలియును; అంతవరకు మంచిదే. కాని కొంతసేపు అచ్చటనే యున్నచో ముక్కు అలవాటుపడి వాసన తెలియకపోవును. గాలిలోని ఆవిరి మాత్రము తగ్గియుండదు. కావున వాసన రాగానే జాగ్రత్తపడుట మంచిది. వాసన పోయినదని ధైర్యపడుట ప్రమాదము. మన దేశపు కర్మాగార చట్టము ఎనిమిది గంటల పనిదినమునకు సగటున 50 పాళ్ళను, స్వల్పకాలమునకు 100 పాళ్ళను హద్దుగా నిర్ణయించినది. మరికొన్ని సంస్థలు ఇంతకంటె తక్కువ హద్దులను సిఫారసు చేయుచున్నవి. పెరటిలో కొలత పరికరములు లేనివారికి గాలి ఆడు చోటును వెదకుకొనుటయే కొలత.

ఫైబరు పని చేయువారు పాటింపవలసిన నియమములు

1. పనిని బయట, గాలి వీచుచోట చేయవలెను. గాలి వచ్చు దిక్కున నిలిచి, ఆవిరి తమనుండి దూరముగా పోవునట్లు చూచుకొనవలెను. వానకు కప్పు వేసినను రెండువైపులైనను తెరచియుంచవలెను.

2. పడవ లోపలి గదిలోగాని, అడుగుభాగమునగాని ఒంటరిగా దిగి రెజిను పూయరాదు. బరువైన ఆవిరి అచ్చటనే నిలుచును. పంకాతో బయటి గాలిని లోనికి పంపుచు, పైన ఒకరు కనిపెట్టియుండగా మాత్రమే దిగవలెను. ఆ పంకా నిప్పురవ్వలు పుట్టింపనిదిగా నుండవలెను.

3. ముఖమునకు కట్టుకొను తువాలుగాని, సాధారణమైన గుడ్డ మాస్కుగాని స్టైరీను ఆవిరిని ఆపజాలవు. స్టైరీను నీటిలో మిక్కిలి తక్కువగా కరుగును గనుక తడిగుడ్డయు నమ్మదగినది గాదు. రసాయనపు ఆవిరిని పీల్చుకొను బొగ్గు డబ్బీలు గల మాస్కునే వాడవలెను; డబ్బీలను గడువు ప్రకారము మార్చవలెను. గ్రైండరు పనిలో గాజునార ధూళికి తగిన మాస్కును, చెవులకు మూతలను పెట్టుకొనవలెను.

4. రెజినును గట్టిపరచుటకు కలుపు కెటలిస్టు, అనగా హార్డనరు, కంటిలో పడినచో చూపు పోవును. కంటికి అద్దములు, చేతులకు తొడుగులు లేనిదే దానిని ముట్టరాదు. కెటలిస్టును, యాక్సిలరేటరును ఎన్నడును నేరుగా ఒకదానితో నొకటి కలుపరాదు. అట్లు కలిపినచో ప్రేలును. 

5. పనిచేయు చోట బీడీ, చుట్ట, పొయ్యి, వెల్డింగు పనికిరావు. చేతులను కడుగుటకు వాడు అసిటోనును సులభముగా అంటుకొనును.

6. కెటలిస్టు కలిపి మిగిలిన రెజిను తనలో తానే వేడెక్కి పొగలు క్రక్కును. దానిని మూతవేసి దాచక, వెడల్పైన లోహపు పళ్ళెములో పలుచగా పోసి, ఆరుబయట ఉంచవలెను. 

7. రెజిను డబ్బాలను పండుకొను ఇంటిలో నిలువచేయరాదు. మూత బిగించి, నీడలో, చల్లని చోట ఉంచవలెను. ఖాళీ డబ్బాలలో త్రాగునీటిని పట్టరాదు.

8. గర్భిణీస్త్రీలును, పిల్లలును పని జరుగుచోట ఉండరాదు. తండ్రికి అన్నము తెచ్చిన బిడ్డను దూరముగానే నిలుపవలెను. పని ముగిసిన పిమ్మట చేతులు కడిగి, బట్టలు మార్చి ఇంటిలోనికి పోవవలెను.

9. తలనొప్పి, తలతిరుగుట, వికారము, మత్తుగా నుండుట, కన్నులమంట కనబడినచో అది ఆవిరి ఎక్కువైనదనుటకు గుర్తు. వెంటనే పని ఆపి బయటికి రావలెను. వినికిడి తగ్గినదని తోచినచో వైద్యునకు తాను ఫైబరు పని చేయువాడనని తప్పక చెప్పవలెను.

ఆపద సంభవించినపుడు

కర్మాగారమునుండిగాని, గిడ్డంగినుండిగాని ఆవిరి వెలువడినచో గాలికి అడ్డముగా, ఆవిరి పోవు దారినుండి పక్కకు తొలగి, మెట్టప్రదేశమునకు పోవలెను. ఇల్లు కాలునపుడు పొగ పైకి లేచును గనుక వంగి ప్రాకుదురు. స్టైరీను ఆవిరి క్రిందికి దిగును గనుక ఇచ్చట నేలపై పండుకొనుట, కాలువలోను పల్లములోను దాగుట తగదు. ఎటు పోవుటకును వీలులేనిచో మేడపైకి ఎక్కి, తలుపులు కిటికీలు మూసికొనవలెను.

పడిపోయినవానిని బయటి గాలిలోనికి చేర్చవలెను. అయితే ఆవిరి నిండిన గుంటలోనికి ఏ రక్షణయు లేకుండ దిగినచో రక్షింప పోయినవాడును పడిపోవును. కనుక అట్టిచోటికి అగ్నిమాపకదళమును పిలువవలెను. రెజిను అంటిన బట్టలను విప్పి, ఒంటిని సబ్బునీటితో కడుగవలెను. కన్నులను 15 నిమిషములు తగ్గకుండ మంచినీటితో కడుగవలెను. రెజినుగాని, స్టైరీనుగాని మింగినవానిని వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ఊపిరి ఆగినచో తెలిసినవారు కృత్రిమశ్వాస ఇవ్వవలెను. సహాయమునకు 112 సంఖ్యకు ఫోను చేయవచ్చును. శ్రీ విజయపురమునందలివారు జి.బి. పంత్ ఆసుపత్రికి పోవచ్చును. స్టైరీనుకు విరుగుడు మందు ప్రత్యేకముగా లేదు. ప్రాణవాయువును అందించి, శ్వాసను కాపాడుటయే చికిత్స. రోగి తేరుకొన్నట్లు కనబడినను దగ్గు, ఆయాసము తరువాత పెరుగవచ్చును గనుక వైద్యుడు పొమ్మనువరకు ఆసుపత్రిలో నుండవలెను.

స్టైరీను ఆవిరి ఎక్కువైన ప్రాణము తీయుననియు, కొద్దికొద్దిగా పీల్చిన చెవిని, నరములను చెరచుననియు, కాన్సరును గూర్చి అనుమానింపదగినదనియు ప్రయోగశాలలోని జంతువులవలన ముందుగానే తెలిసెను. 1942 నుండి పుస్తకములలో నున్న ఈ జ్ఞానము 2020 నాటి ఆ తెల్లవారుజామున వెంకటాపురపు గడపలకు చేరియుండలేదు. తెలిసిన సంగతి తెలియవలసినవానికి చేరనిచో ఆ జంతువుల ప్రాణములును వృథాయైనట్లే. ఈ పుస్తకమును చదివినవారు చదువురాని తోటి పనివారికి చదివి వినిపింపవలెను. పాక తలుపు తెరచి రెజినును పూయుటకు ఖర్చు లేదు. మంచి మాస్కుకు కొంత ఖర్చు గలదు, కాని పోయిన వినికిడిని ఏ ఖర్చుతోను తిరిగి తేలేము.